విశ్వవిద్యాలయ కార్యాలయంలో వాయిస్‌మెయిల్: ఆరేళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, విదేశీ విద్యార్థుల ప్రవేశాల విభాగంలో పనిచేస్తున్న నేను ఆరేళ్లుగా సిస్కో యూనిటీ కనెక్షన్ అనే వాయిస్‌మెయిల్‌ను (ఫోన్ ఎత్తనప్పుడు చేసినవారి మాటలను రికార్డు చేసి ఉంచే ఏర్పాటును) వాడుతున్నాను. ఉదయం గదిలోకి రాగానే రిసీవర్‌పై ఎర్రదీపం వెలుగుతుంటే సందేశం ఉన్నట్లు. మెసేజెస్ బటన్ నొక్కి, పిన్ ఇచ్చాక, 1 నొక్కితే కొత్తవి, 3 నొక్కితే పాతవి వినిపిస్తాయి. ఈ వరుస రెండు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

నేను ఎక్కువ విలువనిచ్చేది మాత్రం, సందేశం ఆడియో ఫైలుగా ఈమెయిల్‌కూ వచ్చే ఏర్పాటుకు. ఇండియాలో పగలు ఇక్కడ రాత్రి కనుక, గుంటూరు నుంచి ఒక తండ్రిగారు మేము లేని వేళ ఫోన్ చేసి, కుమార్తె ఐ-20 పత్రం (విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చేది) ఇంకా అందలేదని ఆందోళనగా చెప్పి, చివర్లో తన నంబరును గబగబా చదివి పెట్టేశారు. ఆ చివరి ఐదు సెకన్లను కంప్యూటర్‌లో నాలుగుసార్లు వెనక్కి జరిపి విని, అంకెలన్నీ రాసుకుని, ఆయనకు ఆ రోజే జవాబు చెప్పగలిగాను. పరాయి దేశానికి బిడ్డను పంపుతున్నవారికి ఒక్కరోజు ఆలస్యమూ భారమే.

లోపం ఒకటుంది. గడువు దాటిన సందేశాలు వాటంతటవే తొలగిపోయేలా మా కార్యాలయం అమర్చిందని నాకెవరూ చెప్పలేదు. భద్రపరచుకున్న రెండు సందేశాలు అలాగే పోయాయి. కొత్తగా చేరేవారు ఆ గడువు ఎంతో మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. సెలవుపై వెళ్లేముందు తిరిగివచ్చే తేదీతో ప్రత్యామ్నాయ గ్రీటింగ్ (మామూలు పలకరింపుకు బదులు ఫోన్ చేసినవారికి వినిపించేది) తప్పక పెట్టుకోవాలి.