ఏపీ కోచింగ్‌కి డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

పన్నెండో తరగతి అవగానే పిల్లల్ని అమెరికా పంపాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలోని కాలేజ్ బోర్డు అనే సంస్థ ఏటా మే నెలలో పెట్టే పరీక్షలు, 5కి స్కోరు. మంచి స్కోరు వస్తే కొన్ని యూనివర్సిటీలు క్రెడిట్లు ఇస్తాయి, అంటే ఆ కోర్సు అక్కడ చదివేసినట్టే లెక్కేస్తాయి. (మా అమ్మ మాత్రం మనవడు ఆంధ్రప్రదేశ్ మీద పరీక్ష రాస్తున్నాడనే అనుకుంది.)

కూకట్‌పల్లిలో ఒక కోచింగ్ సెంటర్‌లో మా వాడికి నాలుగు సబ్జెక్టులకి 2,80,000 రూపాయలు కట్టాను. పరీక్ష ఫీజులు వేరే. "ఫస్ట్ ఇయర్ ఇక్కడే అయిపోయినట్టు సార్, అక్కడ ఏడాది ఫీజు మిగులుతుంది" అని కౌన్సెలర్ కాగితం మీద లెక్క వేసి మరీ చూపించింది. ఏడాది ఫీజు మిగులుతుందంటే ఎవరు కాదంటారు?

మా వాడు కష్టపడ్డాడు. మూడింట్లో 5, ఒకదాంట్లో 4 వచ్చాయి. మెకానికల్ ఇంజనీరింగ్‌లో చేరిన వారానికి, రాత్రి పదకొండింటికి వీడియో కాల్ చేసి డిగ్రీ ఆడిట్ పేజీ చూపించాడు. ఏ క్రెడిట్ డిగ్రీలో ఎక్కడ లెక్కకొచ్చిందో అందులో ఉంటుంది. క్యాల్క్యులస్ బీసీకి రెండు మ్యాథ్స్ కోర్సులు మినహాయించారు, సంతోషం. సైకాలజీకి ఒక కోర్సు తగ్గింది. క్యాల్క్యులస్ ఏబీ పక్కన సున్నా. ఏబీ సిలబస్ మొత్తం బీసీలోనే ఉంది. బీసీ రాస్తే ఏబీ సబ్‌స్కోర్ కూడా దాంతోనే వస్తుంది. ఒకే సరుకు నాకు రెండుసార్లు అమ్మారన్నమాట.

అసలు మంట ఫిజిక్స్ 1 దగ్గర. 4 క్రెడిట్లు ఇచ్చారు, పక్కన "జనరల్ ఎలక్టివ్" అని ఉంది, అంటే తప్పనిసరి కోర్సుకి బదులు కాదు, ఏదో అదనపు కోర్సు కింద లెక్క. అది క్యాల్క్యులస్ లేని ఫిజిక్స్. ఇంజనీరింగ్‌కి పనికొచ్చేది ఫిజిక్స్ సి. వాడి డిగ్రీలో జనరల్ ఎలక్టివ్‌కి చోటే లేదు. ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల జాబితాలో) క్రెడిట్లు కనిపిస్తాయి, డిగ్రీకి మాత్రం అక్కరకు రావు. రద్దయిన పెద్ద నోటు పర్సులో దాచుకున్నట్టు.

ఇక ఏడాది తగ్గడమా? ఫిజిక్స్ అయితేనే స్టాటిక్స్, అదయితేనే డైనమిక్స్, ఇలా గొలుసుకట్టు. పోనీ తక్కువ కోర్సులు తీసుకుని ఫీజు తగ్గించుకుందామా అంటే, ఎఫ్-1 వీసా (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు సెమిస్టర్‌కి మామూలుగా 12 క్రెడిట్లకు తగ్గకూడదు. నాలుగేళ్ళు నాలుగేళ్ళే.

పరీక్షలు చెడ్డవని నేననను. అడ్మిషన్‌కి పనికొస్తాయి, చదువూ గట్టిపడుతుంది. కానీ క్రెడిట్ ఇవ్వడం, ఇవ్వకపోవడం యూనివర్సిటీ ఇష్టం. క్యాల్‌టెక్ అసలివ్వదు. డార్ట్‌మత్ 2018లో పాసయ్యే బ్యాచ్ నుంచి ఆపేసింది. కాలేజ్ బోర్డు సైట్‌లో ఏపీ క్రెడిట్ పాలసీ సెర్చ్ ఉంది, ఉచితమే. అక్కడితో ఆగకండి. మీవాడు చదవబోయే బ్రాంచ్ కోర్సుల పట్టిక పక్కన పెట్టుకుని, ఏ పరీక్ష ఏ కోర్సుని తీసేస్తుందో ఒక్కొక్కటీ సరిచూడండి. నాకు ఆ పనికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది, కాకపోతే డబ్బు కట్టిన రెండేళ్ళకి.

రీఫండ్ అడిగితే రసీదు వెనక చిన్న అక్షరాల్లో "నాన్ రిఫండబుల్" చూపించారు. పోయిన నెల మా పై ఫ్లాట్ వాళ్ళు పాపని అక్కడే చేర్పిస్తామంటే నేనూ వెంట వెళ్ళాను. "ఏ యూనివర్సిటీలో, ఏ డిగ్రీలో, ఏ కోర్సు తగ్గుతుందో మీ లెటర్‌హెడ్ మీద రాసివ్వండమ్మా" అని కౌన్సెలర్‌ని అడిగాను. సాయంత్రం ఫోన్ చేస్తానంది. ఇవాళ్టికి పన్నెండు రోజులైంది.