నాలుగేళ్ళుగా తూనీగల వెంట: 70-300 జూమ్, దాని ముందు ఒక క్లోజప్ గ్లాసు

ముందే చెప్పేస్తున్నా, తూనీగల ఫొటోల కోసమని మ్యాక్రో లెన్స్ (చిన్న పురుగుల్ని దగ్గర్నుంచి పెద్దగా తీసేది) కొనాలనుకుంటున్నవాళ్ళు ఓ ఆర్నెల్లు ఆగండి. నా దగ్గరున్నది సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్, దాని మూతికి బిగించే +2 పవర్ క్లోజప్ లెన్స్ (దగ్గరి వస్తువులు స్పష్టంగా పడేలా చేసే అదనపు గాజు, నేను గ్లాసు అనేది దీన్నే), అంతే. నాలుగేళ్ళుగా శని, ఆదివారాలు బెంగళూరు సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్ళి చెరువు గట్టు మీద, అప్పుడప్పుడు జక్కూరు చెరువు దగ్గర వాడుతున్నాను. చిన్నప్పుడు అనంతపురంలో తూనీగ తోకకి దారం కట్టి ఎగరేసిన పాపానికి ఇప్పుడు దాని ముందు మోకాళ్ళేసుకుని కూర్చుంటున్నానని మా ఆవిడ ఎగతాళి.

లెక్క సులువే. +2 బిగించి, జూమ్ ఫోకస్‌ని ఇన్ఫినిటీలో (చాలా దూరానికి) ఉంచితే, గ్లాసుకి 50 సెంటీమీటర్ల దూరంలో ఉన్నది స్పష్టంగా పడుతుంది. 70లో పెట్టినా 300లో పెట్టినా అదే దూరం, కాబట్టి కదలకుండానే పురుగుని పెద్దది చేసుకోవచ్చు. 300 దగ్గర సెన్సార్ (కెమెరాలో బొమ్మ పడే చిప్) మీద పురుగు అసలు సైజుకి 0.6 రెట్లు పడుతుంది, నా కెమెరాలోని చిన్న సెన్సార్‌కి 4 సెంటీమీటర్ల తూనీగ ఫ్రేమ్ నిండిపోతుంది. 100 మిల్లీమీటర్ల మ్యాక్రోతో 1:1కి, అంటే అసలు సైజుకి, వెళ్తే లెన్స్ మూతికి, పురుగుకి మధ్య జానెడు కూడా మిగలదు, అప్పటికే అది ఎగిరిపోయుంటుంది. మొదట్లో చవగ్గా వస్తున్నాయని నాలుగు గ్లాసుల సెట్టు కొని డబ్బు తగలేశాను, రెక్కల అంచులన్నీ ఊదారంగు. రెండు గాజులు అతికించిన రకమే తీసుకోండి.

ఇక విసుగు సంగతి. గ్లాసు బిగించాక 50 సెంటీమీటర్లు దాటి ఏదీ కనపడదు, అంతా పొగే. నీళ్ళలో నిలబడ్డ పుల్ల చివర కామన్ క్లబ్‌టెయిల్ అనే తూనీగ దర్జాగా కూర్చుంటుంది, రెండు మీటర్ల దూరం, గ్లాసు విప్పబోతే మరలు పట్టేసి రావు. ఆ కంగారులో ఒకసారి గ్లాసు బురదలో పడింది, గీత ఇప్పటికీ ఉంది. ఇప్పుడు చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తిప్పుతున్నా, పట్టు దొరుకుతోంది. అయినా తూనీగల్లో చాలా రకాలు ఎగిరిపోయినా మళ్ళీ అదే పుల్లకి వస్తాయి కాబట్టి కంగారు పడాల్సిన పని లేదని రెండో ఏడాదికి గానీ తెలీలేదు.

పేర్లు కనిపెట్టడంలో లెన్స్ కన్నా నా బుర్రే ఎక్కువ మోసం చేసింది. ఏడాదిపాటు కనపడ్డ ప్రతి ఎర్ర తూనీగకీ రడ్డీ మార్ష్ స్కిమ్మర్ అని రాసుకుంటూ పోయాను. పక్కనుంచి తీస్తే అందంగా వస్తుందని అన్నీ పక్కనుంచే తీశా మరి! రడ్డీ మార్ష్ స్కిమ్మర్ వీపు మీద, మనం తోక అనుకునే పొట్ట పొడుగునా, సన్నటి నల్లగీత ఉంటుంది. ఇంకో ఎర్ర తూనీగ గ్రేటర్ క్రిమ్సన్ గ్లైడర్‌కి ఆ గీత ఉండదు, చివరన 8, 9 కణుపుల మీద నల్లమచ్చలుంటాయి, వెనక రెక్క మొదట్లో తేనెరంగు కూడా ఎక్కువ. పైనుంచి ఒక్క ఫొటో తీసుంటే అప్పుడే తేలిపోయేది. ఇప్పుడు ముందు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తోక కొసది ఒకటి తీసుకున్నాకే అందం సంగతి చూస్తాను. క్రిమ్సన్ మార్ష్ గ్లైడర్ మగది గులాబీ, ఆడది పసుపు అయ్యేసరికి వాటినీ రెండు రకాలనే అనుకున్నా, వదిలేయండి. డిచ్ జ్యువెల్స్ అనే తూనీగలు మాత్రం గుంపులుగా ఉంటాయి, మురుగునీళ్ళకి కూడా తట్టుకునే రకం, కాబట్టి మన చెరువుల్లో వాటికి కరువు లేదు.

తూనీగలకి చుట్టాలైన, సన్నటి డామ్సెల్‌ఫ్లైలతో ఇంకో గోల. రెక్కలు ముడుచుకుని గడ్డిలో ఉంటాయి, పిగ్మీ డార్ట్‌లెట్ అయితే 2 సెంటీమీటర్లు ఉంటుందేమో. పడుకుంటే గానీ పని జరగదు. అలా పడుకుని ఉంటే చిత్తూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏం సార్, కళ్ళు తిరిగినాయా?" అన్నాడు. చూపించాను. "ఓస్, తూనీగ పిల్లా!" అన్నాడు. పిల్ల కాదయ్యా, పెద్దదే, ఇంతకన్నా పెరగదని చెప్తే నమ్మలేదు. ఫొటో చూసి పేరు చెప్పే యాప్‌లు కూడా వీటి దగ్గర తడబడతాయి. సెనెగల్ గోల్డెన్ డార్ట్‌లెట్ మగదాని తోకలో నీలం ఏ కణుపు మీదుందో నేనే లెక్కపెట్టుకుంటాను, 8వది అయితే ఖాయం చేస్తాను.

వానలయ్యాక గుంపులుగా వచ్చే వాండరింగ్ గ్లైడర్ తూనీగలకి ఈ సెట్టు పనికిరాదు, అవి గంటలకొద్దీ వాలవు. సముద్రం మీదుగా ఆఫ్రికా వైపు పోయేవాటికి నా పుల్ల ఏపాటి? గ్లాసు కొనేముందు మీ లెన్స్ ఫిల్టర్ సైజు (గ్లాసు బిగించే మూతి వెడల్పు) చూసుకోండి, నాది 67 మిల్లీమీటర్లు.