బెర్న్‌వార్డా, విల్లిగిసా? ఎవరు గొప్ప?

ఇద్దరూ ఒకే కాలపు జర్మన్ బిషప్పులు, ఇద్దరూ కంచు తలుపులు పోయించారు. మైన్జ్ ఆర్చిబిషప్ విల్లిగిస్ (పదవిలో 975–1011) అధికారంలో పెద్దవాడు. చిన్నారి రాజు మూడో ఒట్టో తరఫున పాలనలో కీలకం. కానీ ఆయన కట్టించిన కెథెడ్రల్ 1009లో ప్రతిష్ఠ వేళకే కాలిపోయింది, పాపం. తలుపులు మిగిలాయి. వాటి మీద సింహం తలలు, రాతలే, కథ లేదు.

హిల్డెస్‌హైమ్ బిషప్ బెర్న్‌వార్డ్ (పదవిలో 993–1022) ఒట్టోకి చదువు చెప్పిన గురువు. 1015 నాటి ఆయన తలుపుల మీద 16 బైబిల్ ఘట్టాలున్నాయి. ఒకదాంట్లో దేవుడు నిలదీస్తే ఆదాము హవ్వను చూపిస్తాడు, హవ్వ పామును చూపిస్తుంది. మన ఆఫీసుల్లో జరిగేదే!

గాండర్స్‌హైమ్ మఠం ఎవరి పరిధిలోదన్న వీళ్ళిద్దరి తగాదాలోనూ 1007లో విల్లిగిసే వెనక్కి తగ్గాడు. నా ఓటు బెర్న్‌వార్డ్‌కే.