అప్పికొండ ఒడ్డుకు ఏ గాలం? మూడు రకాల మీద నా రివ్యూ

ఒడ్డు నుంచి చేపలు పట్టే మా వైజాగ్ కుర్రాళ్లు రాడ్‌కి వేలకు వేలు పోస్తారు, రీల్‌కి అంతకన్నా ఎక్కువ. గాలం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి ఇచ్చెయ్యన్నా’ అంటారు. చేప నోట్లోకి వెళ్లేది ఆ గాలం ఒక్కటే.

నేను స్టీల్ ప్లాంట్‌లో, వైర్ రాడ్ మిల్లులో చేసి రిటైరయ్యాను. 5.5 మిల్లీమీటర్ల తీగ చుట్టల మధ్య సర్వీసంతా గడిచింది కాబట్టి గాలాన్ని కూడా ముందు తీగలాగే చూస్తాను. మందమెంత, వంచితే తిరిగొస్తుందా, ఉప్పునీళ్లకు ఎన్నాళ్లు ఆగుతుంది, ఇవీ నా ప్రశ్నలు. ఎక్కువగా వెళ్లేది అప్పికొండ, అప్పుడప్పుడు యారాడ, భీమిలి. తగిలే చేపలు గొరకలు, జెల్లలు, చిన్న పారలు. మన రోజు బాగుంటే మాగ. ఈ రివ్యూ ఆ వేట వరకే. బోటెక్కి వంజరం కోసం వెళ్లేవాళ్ల సంగతి వేరు.

ముందు గాలం సైజు నంబర్ల గొడవ. 8 కంటే 4 పెద్దది, 4 కంటే 1 పెద్దది. ఒకటి దాటాక లెక్క తిరగబడుతుంది. 1/0, 2/0, 3/0 అని నంబర్ పెరిగేకొద్దీ గాలమూ పెరుగుతుంది. పైగా ఒక కంపెనీ 1/0, ఇంకో కంపెనీ 1/0 పక్కపక్కన పెడితే ఒకేలా ఉండవు. అందుకని నేను ప్యాకెట్ మీది నంబర్ కంటే మొనకీ కాడకీ (నిటారుగా ఉండే భాగానికీ) మధ్య ఉన్న ఖాళీని చూస్తాను. రొయ్య గుచ్చాక కూడా ఆ ఖాళీలో సగమైనా మిగలాలి. లేదంటే చేప ఎరను నమిలి వెళ్లిపోతుంది, మొన దానికి తగలనే తగలదు.

మొదటిది ముస్టాడ్ 3407, ఓషానెసీ ఆకారం. నార్వేలో 1877లో గాలాల తయారీ మొదలుపెట్టిన కంపెనీ. చేత్తో పట్టుకుని వంపు దగ్గర వేలితో తడిమి చూడండి, తీగ గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా చదునుగా ఉంటుంది. కొట్టి అణిచారన్నమాట. ఆ అణచడం వల్లే పెద్ద చేప గుంజినా వంపు విచ్చుకోదు. డీటీ అని రాసి ఉన్నదైతే పైన తగరం పూత ఉంటుంది, తుప్పుకు కాస్త ఆగుతుంది. ఎర పెద్దగా పెట్టి మాగ కోసం కూర్చునేటప్పుడు 2/0 వేస్తాను. ఇలాంటి మందపు తీగ గాలం దేనికైనా ముందు మొన మీద ఆకురాయి నాలుగుసార్లు తిప్పితే మంచిది.

రెండోది సర్కిల్ గాలం. ఒక్క ప్యాకెట్టే కొంటానంటే ఇదే కొనమంటాను. ముస్టాడ్‌లో 39951, జపాన్ గమకట్సులో ఆక్టోపస్ సర్కిల్, రెండూ నాకు నచ్చాయి. దీని మొన లోపలికి తిరిగి కాడ వైపు చూస్తుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ‘ఇది చేపకెలా గుచ్చుకుంటుంది?’ అని అడుగుతారు. చేప ఎర మింగి పక్కకు తిరిగి వెళ్తుంటే లైన్ బిగుస్తుంది. గాలం గొంతులోంచి జారుతూ వచ్చి, నోటి మూల దగ్గర మడత తిరిగి అక్కడ దిగబడుతుంది. మీరు ఝాడించి లాగారో, నోట్లోంచి ఊడి చేతికొస్తుంది. ఇసుకలో పీవీసీ గొట్టం పాతి, రాడ్ అందులో పెట్టి, అది బాగా వంగేదాకా ఆగి, నింపాదిగా రీల్ తిప్పడమే. మా వాళ్లకు రానిది ఆ ఆగడమే!

జెల్లలు పడే చోట దీని విలువ తెలుస్తుంది. జెల్ల ఎరను గొంతు దాకా మింగుతుంది. వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు, విషపు ముళ్లు. చీకట్లో టార్చ్ నోట్లో కరుచుకుని దాని గొంతులోంచి మామూలు గాలం తీయడం ఎంత టెన్షనో పడినవాడికే ఎరుక. సర్కిలైతే చాలావరకు పెదవి మూలనే ఉంటుంది, ప్లైయర్‌తో ఒక్క తిప్పు చాలు. కొనేటప్పుడు గాలాన్ని బల్ల మీద పడుకోబెట్టండి. మొత్తం చదునుగా ఆనితే తీసుకోండి. మొన పక్కకు తిరిగి పైకి లేచి ఉంటే అది ఆఫ్‌సెట్ రకం, గొంతులో గుచ్చుకునే అవకాశం ఎక్కువ. రొయ్యను కూడా ఒక్కసారే గుచ్చి వదిలేయాలి. మొన మూసుకుపోతే ఈ గాలానికి పనే ఉండదు.

మూడోది పొడుగు కాడ, సన్నపు తీగ ఉన్న అబెర్డీన్ రకం, 4 లేదా 6 నంబర్. చిన్న గొరకలకు సర్కిల్ కంటే ఇదే మేలు. సన్నం కాబట్టి రొయ్య చితికిపోదు. పొట్ట ఉబ్బించే ఆ పళ్ల చేప కొరికినా పొడుగు కాడ కొంతవరకు లైన్‌ను కాపాడుతుంది. యారాడ రాళ్లలో ఇరుక్కుంటే గట్టిగా లాగండి, గాలం సాగి బయటికొచ్చేస్తుంది, లైన్‌కి బరువుగా కట్టిన సీసం దక్కుతుంది. ప్లైయర్‌తో మళ్లీ వంచుకోవచ్చు, కానీ ఒక్కసారే. ఆ తర్వాత తీగలో బలం ఉండదు.

ఇక డబ్బాలో కలగాపులగంగా పోసి అమ్మే పేరులేని గాలాలు. రేటు చూసి ముచ్చటేసి నేనూ ఒక డబ్బా తెచ్చాను. అందులో సగం జెల్లకే నిలువుగా సాగాయి, కొన్ని అప్పడంలా పుటుక్కుమన్నాయి. హై కార్బన్ తీగను ఎర్రగా కాల్చి చల్లార్చాక మళ్లీ సరైన వేడి చూపించి మెతక చేయాలి. ఆ వేడి తక్కువైతే పెళుసు, ఎక్కువైతే మెత్తన. పూతకు ముందు యాసిడ్‌లో కడిగేటప్పుడు లోపలికి చేరే హైడ్రోజన్‌ను తర్వాత వేడి చేసి బయటికి పంపకపోయినా ఇనుము పెళుసెక్కుతుంది. ఇదంతా కంటికి కనపడదు కాబట్టి పరీక్ష చేయాలి. మొనను చెక్కలో గుచ్చి, లైన్ కట్టే కన్నాన్ని ప్లైయర్‌తో కొంచెం లాగి వదలండి. కాస్త విచ్చుకుని వెనక్కి రావాలి. కన్నం అతుకు దగ్గర సందుంటే అది లైన్‌ను కోసేస్తుంది, పక్కన పడేయండి. మొన సంగతి బొటనవేలి గోరు చెబుతుంది. మెల్లగా ఆనించి లాగితే గీత పడాలి, జారిపోతే మొద్దు.

స్టెయిన్‌లెస్ గాలాలు తుప్పు పట్టవని కొందరు ఎగబడి కొంటారు. లైన్ తెగి చేప తప్పించుకుంటే ఆ గాలం దాని నోట్లో ఏళ్ల తరబడి ఉండిపోగలదు. మామూలు స్టీలైతే ఉప్పునీళ్లకు మెల్లగా తినేసుకుపోతుంది. నా డబ్బాలో స్టెయిన్‌లెస్‌కి చోటు లేదు.

బ్రాండ్ గాలం ఒక్కోటి నాకు డబ్బా సరుకు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పడింది. అయినా డజను సర్కిల్ 1/0, డజను సన్నపు 4 తీసుకుంటే మొదలుపెట్టడానికి చాలు, 3407ను తర్వాత చూసుకోవచ్చు. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక వేరే డబ్బీలో పెట్టండి. వాడిన తడి గాలం ఒక్కటి కొత్త ప్యాకెట్‌లో పడిందంటే వారం తిరిగేసరికి మిగతావాటికీ తుప్పు అంటుకుంటుంది.