కంబాడోస్‌లో రెండు రాత్రులు: అల్బరీన్యో పక్కన ఏం తినాలి?

సాంటియాగో దె కంపోస్తెలాలో గది తీసుకుని, కంబాడోస్‌కు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలన్నది మా మొదటి ఆలోచన. దాన్ని మానుకోవడమే మంచిదైంది. స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియా తీరంలో ఉన్న ఈ చిన్న ఊళ్లో జనం రాత్రి తొమ్మిది దాటితే గానీ భోజనానికి కూర్చోరు. ఇక్కడి తెల్ల వైను అల్బరీన్యో (అదే పేరున్న ద్రాక్షతో చేస్తారు) అసలు రుచి తెలిసేది ఆ భోజనం పక్కనే.

రైలులో విలగార్సియా దాకా వెళ్లి, అక్కడినుంచి బస్సు పట్టుకున్నాం. బస్సుకు చాలాసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. టాక్సీకి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. మొదటి రాత్రి పాత రాతి భవంతిలో ప్రభుత్వం నడిపే పరదోర్ హోటల్లో ఉన్నాం. లోపలి తోట, మందపాటి గోడలు మనసుకు నచ్చాయి, ధర నచ్చలేదు. రెండో రాత్రి ఒక చిన్న బసలో గడిపాం. తాళం ఇచ్చే మనిషి గంట ఆలస్యంగా రావడంతో సామానుతో వానలో నిలబడ్డాం. అయినా మళ్లీ వెళితే ఆ రెండోదాన్నే ఎంచుకుంటాను. మిగిలిన డబ్బు తిండికి పనికొస్తుంది.

ఇక్కడి ద్రాక్షతోటలు చూస్తే ఇంటి వాసన తగిలింది. హైదరాబాదు శివార్లలో అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు చూసినవారికి ఇవి కొత్త కావు. రాతి స్తంభాల మీద తీగను మనిషి ఎత్తుకు పైగా పాకిస్తారు. వానలు విపరీతం కాబట్టి గుత్తుల కింద గాలి ఆడకపోతే బూజు పడుతుంది. కంబాడోస్ ఉన్న రియాస్ బైషాస్ ప్రాంతానికి వైను ప్రాంతంగా అధికారిక గుర్తింపు 1988లో వచ్చింది. ఈ ప్రాంతపు సీసా మీద అల్బరీన్యో అని ఉంటే అందులో ఉన్నదంతా ఆ ద్రాక్షే. ఆగస్టు మొదటి వారంలో వైను పండుగ జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం కష్టం. మేం వెళ్లింది సెప్టెంబరులో, కోతల కాలం.

రుచి సంగతికి వస్తే, మొదటి గుక్కలో దబ్బకాయ తొక్క వాసన, ఆ వెంటనే పచ్చి మామిడి తునకలాంటి చురుకైన పులుపు, చివర నాలుక అంచున సన్నటి ఉప్పదనం. తీపి దాదాపు లేదు. ఉత్తగా తాగితే రెండో గ్లాసుకే పళ్లు పులిశాయి. రేవు దగ్గర ఆవిరి పట్టిన ఆల్చిప్పల పళ్లెం రాగానే అదే వైను మారిపోయింది! ఎదురుగా అరౌసా ఉప్పుటేరులో తేలే తెప్పలకు తాళ్లు కట్టి పెంచే ఆల్చిప్పలే అవి. వాటి తీపిని ఈ పులుపు పైకి తెస్తుంది. మనం చేప వేపుడు మీద నిమ్మకాయ పిండుకుంటామే, ఆ పనే ఈ గ్లాసు చేస్తుంది.

ఆలివ్ నూనె, మిరపపొడి చల్లిన ఆక్టోపస్‌కు మాత్రం లేత వైను చాలలేదు. ద్రాక్షరసం పులిశాక అడుగున దిగే ఈస్టు మడ్డి మీద నెలల తరబడి ఉంచిన సీసా అడగండి. అది కాస్త చిక్కగా, రొట్టె వాసనతో ఉండి నూనెకు తట్టుకుంటుంది. పద్రోన్ అనే ఇక్కడి పచ్చి మిరపకాయల్లో ఎక్కువ భాగం కమ్మనివే. కారంది తగిలినప్పుడు మాత్రం వైనులోని ఆల్కహాలు మంటను పెంచింది. మన గోంగూర రొయ్యలతో దీన్ని కలపాలనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. బాదం పిండితో చేసే సాంటియాగో కేకుతో అసలు వద్దు. ఆ తీపి ముందు వైను వట్టి పులుపు నీళ్లే.

ఒక భోజనశాలలో రాళ్లకు అంటుకుని పెరిగే పెర్సెబెస్ అనే చిన్న సముద్రజీవులను తెప్పించుకుంటే బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది. ధర బరువును బట్టి వేస్తారు, ఆ మాట మాకు ముందు చెప్పలేదు. మీరు అడిగి తెలుసుకోండి. అలలు కొట్టే బండల మీద ప్రాణాలకు తెగించి కోసుకొస్తారు కనుక చవగ్గా దొరకవు. చివరి మధ్యాహ్నం వాటి జోలికి పోకుండా, చల్లటి సీసా ఒకటి, ఆల్చిప్పల పళ్లెం ఒకటి చెప్పాం. అది అయిపోగానే ఇంకొకటి తెప్పించుకున్నాం.