నక్కలగుట్టలో ఆ తల్లీకొడుకుల క్లాసు: ఒక సోషల్ టీచర్ అనుభవం

హైస్కూల్లో సోషల్ చెప్తాను, 22 ఏళ్ల సర్వీసు. వెళ్లిన ట్రైనింగులకు లెక్కే లేదు. ఇంటికొచ్చాక కూడా నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది మాత్రం ఇదొక్కటే. పోయిన ఆదివారం హనుమకొండ నక్కలగుట్టలో ఒక తల్లి, పదో తరగతి చదివే ఆమె కొడుకు కలిసి టీచర్లకు వర్చువల్ ప్రపంచాల గురించి క్లాసు పెట్టారు. భోజనంతో కలిపి రూ.600. మొత్తం 18 మందిమి వెళ్లాం.

వాళ్లు నేర్పింది లువాంటి అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. చూడటానికి మైన్‌క్రాఫ్ట్ గేమ్ లాగే ఉంటుంది, దిమ్మెలు పేర్చి ఏదైనా కట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. పాత కంప్యూటర్లలోనూ నడుస్తుంది. నెట్ లేకున్నా ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్లను కలిపితే పిల్లలంతా ఒకే లోకంలోకి రావచ్చు. మా బడి ల్యాబ్‌ను చూసినవాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

మొదట్లో బాబు చాలా స్పీడుగా వెళ్లిపోయాడు. "డబ్ల్యూ నొక్కితే నడుస్తరు సార్, ఎడమ క్లిక్ కొడితే తవ్వుతరు, కుడి క్లిక్ కొడితే పెడతరు" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. నా పక్కన తెలుగు మేడం స్క్రీన్ నిండా ఆకాశమే. ఆమె మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తల్లి అది గమనించింది. "గట్ల కాదు బిడ్డా, నిమ్మలంగ చెప్పు. మేడం ఇంకా ఆకాశంలనే ఉన్నది" అంది. పిల్లవాడు దగ్గరికి వచ్చాడు కానీ మౌస్ ముట్టుకోలేదు. "మేడం, మౌస్ మీ దిక్కు గుంజండి" అన్నాడు. నేల కనిపించింది. సాయంత్రం దాకా ఎవరి మౌస్ మీదా వాడు చెయ్యి వేయలేదు. మా ల్యాబ్‌లో పిల్లల దగ్గర నేను ఎన్నిసార్లు మౌస్ లాక్కున్నానో అప్పుడు గుర్తొచ్చి బాధనిపించింది.

నాకు బాగా నచ్చింది ఇసుక. బాబు రాతి దిమ్మెల మీద ఒక ఇసుక దిమ్మె పెట్టి, కింది రాయి తవ్వేశాడు. ఇసుక జారి కింద పడింది. పక్కన రాతి వరుసకు కూడా అట్లే చేస్తే పై రాయి గాలిలోనే నిలబడింది. "ఇది నిజం కాదు కదా!" అన్నారు లెక్కల సార్. తల్లి వెంటనే అందుకుంది: "మన రామప్ప గుడి పునాదిలో నింపింది ఇసుకనే కదా సార్. మరి ఇక్కడ రామప్ప కట్టాలంటే ఎట్ల?" గుంత తవ్వాలి, ఇసుక నింపాలి, దాని మీద రాతి అరుగు పెట్టాలి. అరగంట వాదించుకున్నాం. రామప్ప గుడి 1213 నాటిది అని ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను కానీ, ఆ పునాది ఎట్లా తవ్వి ఉంటారో పిల్లలతో ఇట్లా ఆలోచింపజేయలేదు. ఆ గుడికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకల సంగతికి మాత్రం పిల్లలను గుడి ఉన్న పాలంపేట తీసుకుపోవాల్సిందే.

భద్రత గురించి తల్లి చెప్పింది. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచం 2003లో వచ్చింది. 2005లో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకు దాంట్లోనే వేరే లోకం పెట్టారు. అమ్మానాన్నలు అందులోకి పోవడానికి లేదు. 2011 నాటికి ఆ పిల్లల లోకం మూతపడింది. "పిల్లలను వేరుగ పెడితే లోపల ఏమైతున్నదో మనకెట్ల తెలుస్తది? అందుకే నేను వీని పక్కన కూసొని నేర్చుకున్న" అంది. లువాంటిలో 'షౌట్' అనుమతి తీసేస్తే ఆ పిల్లవాడి చాట్ బంద్ అవుతుంది, 'ఇంటరాక్ట్' తీసేస్తే ఎవరి కట్టడాన్నీ పగలగొట్టలేడు. ఇంత ముఖ్యమైన భాగాన్ని ఆఖరి ఇరవై నిమిషాల్లో కానిచ్చేశారు. అది పొద్దున్నే చెప్పాల్సింది.

ఇంకో రెండు లోపాలు. పెన్‌డ్రైవ్‌తో అందరి కంప్యూటర్లలో లువాంటి ఎక్కించేసరికి ముప్పావు గంట పోయింది. చేతికిచ్చిన కాగితం మొత్తం ఇంగ్లిష్‌లోనే ఉంది. అడిగితే వచ్చే క్లాసుకు తెలుగులో ఇస్తామన్నారు.

తల్లి ఒక్కతే చెప్పి ఉంటే మామూలు ట్రైనింగ్ అయ్యేది. బాబు ఒక్కడే చెప్పి ఉంటే సగం మందిమి మధ్యాహ్నానికే లేచి వెళ్లేవాళ్లం. వచ్చే క్లాసుకు తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని కూడా తీసుకెళ్తున్నా, పిల్లలకు ఫీజు లేదన్నారు. మీరు వెళ్తే లాప్‌టాప్‌తో పాటు మౌస్ మర్చిపోకండి. టచ్‌ప్యాడ్‌తో తవ్వడం చాలా కష్టం.