ఆళంది నుంచి పండరికి: నడక, బసలు, నేను వేస్తున్న బొమ్మలు

సోలాపూర్‌లో ఉండే మన తెలుగువాళ్ళకి పండరి పక్కనే. అయినా ఆషాఢ ఏకాదశికి పండరి విఠలుడి దగ్గరికి వెళ్ళే మావులి పాల్ఖీ (మావులి అని పిలుచుకునే జ్ఞానేశ్వర్ మహారాజ్ పాదుకల పల్లకీ) వెంట, పుణె దగ్గరున్న ఆళంది నుంచే నడవాలని మా అత్తమ్మ పట్టుబట్టింది, పిల్లలతో సహా ఇంటిల్లిపాదీ కదిలాం. సుమారు 250 కిలోమీటర్లు. దారిలో రంగులు తీసే తీరిక ఎక్కడుంటుంది, పెన్సిల్‌తో గీసుకున్నవే ఇప్పుడు ఇంట్లో వాటర్ కలర్స్‌లో వేస్తున్నాను.

వెళ్ళాలనుకుంటే ఏదో ఒక దిండీలో (కలిసి నడిచే భక్తుల బృందంలో) చేరండి. విడిగా నడిస్తే తిండి, పడక, సామాను అన్నిటికీ రోజూ టెన్షనే. దిండీకి కట్టే డబ్బులోనే భోజనం, టెంటు, సామాను మోసే ట్రక్కు అన్నీ వచ్చేస్తాయి. మా దిండీలో వేడివేడి పిఠలం (శనగపిండి కూర), జొన్న భాకరీ (రొట్టె), ఠేచా (మిరపకాయ పచ్చడి) ఎంత బాగుండేవో! టెంట్లు మాత్రం అంతంతమాత్రం, వాన పడితే కిందకి నీళ్ళొస్తాయి కాబట్టి మందపాటి ప్లాస్టిక్ పట్టా తప్పకుండా పెట్టుకోండి. ఆడవాళ్ళకి స్నానం, మరుగుదొడ్డి ఇబ్బందే, తెల్లవారకముందే లేస్తే తప్ప లైను తప్పదు. కొన్ని ఊళ్ళలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పిలిచి తమ ఇంట్లో స్నానం చేయమన్నారు, ఆ తల్లులకి దండం పెట్టాలి.

బొమ్మకి దివేఘాట్‌ని మించింది లేదు. పుణె దాటాక సాస్వడ్ వెళ్ళే ఆ ఎక్కుడు దారిలో, మలుపు మలుపుకీ తెల్ల టోపీలు, కాషాయ జెండాలు, తలమీద తులసికోటలతో ఆడవాళ్ళు, వెనక వానకి తడిసిన పచ్చటి కొండ. ఆ తర్వాత జెజూరీలో ఖండోబా దేవుడికి చల్లే పసుపు, ఎక్కడ చూసినా పసుపే, ఆ రంగు కోసం ట్యూబులు ఖాళీ చేశాను. సదాశివనగర్ రింగణ్ (భక్తుల మధ్య గుండ్రంగా గుర్రం పరుగెత్తే వేడుక) చూసి తీరాల్సిందే, కానీ గుర్రం కళ్ళముందే మెరుపులా వెళ్ళిపోతుంది. దాని గిట్టల కింది మట్టి తీసి నొసట పెట్టుకుంటున్న ముసలాయన్ని వేశాను, నా లెక్కలో రింగణ్ అంటే అదే. రోడ్డు వెడల్పయ్యాక నడవడం సుఖమే గానీ, పెద్ద చెట్ల నీడ లేని చోట మధ్యాహ్నం పిల్లలు బాగా అలిసిపోయారు.

సేవల్లో నా మనసులో నిలిచింది ఒక బస దగ్గర కాళ్ళకి నూనె రాసే కాలేజీ పిల్లలు. మా అత్తమ్మ వద్దు వద్దంటున్నా "మావులీ (అమ్మా), కూర్చోండి" అని ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకున్నాడొక అబ్బాయి. ఆ బొమ్మ ఇంకా పూర్తి కాలేదు, ఆమె మొహంలో ఆ సిగ్గు, ఆ సుఖం రెండూ రావడం లేదు. సాయంత్రం బస దగ్గర అందరూ కలిసి చేసే సమాజ్ ఆరతి కూడా వదలకండి, చోప్‌దార్ (ఊరేగింపు క్రమం చూసే ఆయన) చేతికర్ర పైకెత్తగానే అన్ని వేలమంది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు.

పండరిలో బస గురించి ముందే చూసుకోండి. మేము దిగిన లాడ్జిలో ఫోన్లో చెప్పిన అద్దెకి రెట్టింపు అడిగారు, పెద్దావిడ ఉందని ఇచ్చేశాం. చంద్రభాగ నదిలో స్నానం అయ్యాక పాదదర్శనం (విఠలుడి పాదాలు తాకే దర్శనం) లైను చూస్తే గుండె జారింది. పెద్దవాళ్ళుంటే ఏకాదశి నాడు ఆ లైను వద్దని చెప్తాను, దూరం నుంచి ముఖదర్శనం చాలు. చాలామంది వార్కరీలు (ఇలా నడిచి వచ్చే విఠల భక్తులు) గోపుర కలశానికి దండం పెట్టుకుని తిరిగి వెళ్ళిపోతారు, మా అత్తమ్మా అదే చేసింది. పాదాలు తాకాలనుంటే మనం సోలాపూర్ నుంచి ఏ మామూలు రోజైనా బస్సెక్కి వెళ్ళిరావచ్చు.